మునిస్వామి దస్తూరీ

ఫిజీలో నవువా నది వరద తగ్గి మూడు రోజులైంది. చెరకు పొలాలన్నీ ఒకే వైపు వాలి పడుకున్నాయి. కూలీ లైన్లలో ప్రతి గది గోడ మీదా మోకాటి ఎత్తున నీటి గీత. పైడమ్మ తెల్లవారినప్పటి నుంచీ గదిలోని బురదని చేటతో ఎత్తి బయట పోస్తూనే ఉంది. నడుం నిలబెట్టి వెనక్కి చూసిన ప్రతిసారీ బురద ఇంకా అంతే ఉన్నట్టు కనిపిస్తోంది.

గుమ్మం ముందు తోట ఓవర్సీర్ గుర్రం ఆగింది. అతన్ని లైన్లలో అందరూ కులంబర్ అనేవారు. అతను గుర్రం దిగలేదు.

"పైడీ, బంగళాకి పో. దొరసాని పిలుస్తోంది. ఈ వారం నీకు పొలం లేదు."

"బట్టలా, దొరా?"

"కాగితాలు" అని అతను గుర్రాన్ని తిప్పాడు.

పైడమ్మ విజయనగరం వైపు సాకలి. వారానికి రెండు రోజులు బంగళా బట్టలు ఉతికి, మిగిలిన రోజులు అందరితో పాటు చెరకులో కలుపు తీసేది. గిర్మిట్, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం, ఇంకా ఏడు నెలలుంది. కాగితాలతో తనకేం పనో అర్థం కాక, చేతులు కడుక్కుని, తడి చీరతోనే బయలుదేరింది.

బంగళా పై అంతస్తు పొడిగానే ఉంది. కింద గది మునిగింది. అది పోయినేడు చనిపోయిన పెద్ద దొర పుస్తకాల గది. ఆయనకి వస్తువులు కూడబెట్టే పిచ్చి ఉండేదని లైన్లలో అందరికీ తెలుసు. ఫిజీ వాళ్ళ గదలు, చెక్క పళ్ళేలు, పాదరీల డైరీలు, ఎవరెవరివో చేతిరాతలు. పోతూ పోతూ వాటిని సిడ్నీలో ఒక పెద్ద గ్రంథాలయానికి రాసిపోయాడు. శనివారం పడవలో సువాకి, అక్కణ్ణుంచి ఓడలో సిడ్నీకి వెళ్ళాల్సిన పెట్టెలు మూడు రోజులు నీళ్ళలో నానాయి.

దొరసాని వరండాలో నిలబడి ఉంది. పెద్ద దొర కోడలు. ముప్పై ఏళ్ళుంటాయి. గౌను అంచంతా బురద. ఆమె పక్కన చేతిలో జాబితాతో ఆఫీసు గుమాస్తా రామ్ చంద్ర బాబు. హిందుస్థానీవాడు. ఆమె ఇంగ్లీషులో చెప్పింది, అతను లైన్ల హిందీలో అన్నాడు.

"నిన్న ఒక కాగితాన్ని తనే ఎత్తబోయింది మేమ్‌సాహెబ్. చేతిలోనే ముద్దయిపోయింది. తడిసిన లేసుల్ని చిరక్కుండా ఆరబెట్టేది నువ్వే కదా, నువ్వైతే చేస్తావని చెప్పింది."

పైడమ్మ పెట్టెలోకి వంగి చూసింది. పైనున్న కాగితాన్ని వేలితో తాకి, వేలు వాసన చూసింది.

"ఎండలో ఎట్టకూడదు బాబూ. వొంకర్లు పోతాయి. నీడన ఆరాల. పాత మస్లిన్ గుడ్డలేటైనా ఉంటే ఇమ్మను. మొగలాకు సాపలు నాలుగు."

ఆ రోజంతా అదే పని. చాప మీద గుడ్డ పరిచేది. ఇంకో గుడ్డని నీళ్ళలో ముంచి పిండి, కాగితం మీద అద్ది, గుడ్డతో పాటే కాగితాన్ని లేపేది. లేచిన కాగితాన్ని పొడి గుడ్డ మీద బోర్లించి, తడి గుడ్డని మూల నుంచి మెల్లగా ఒలిచేది. చెయ్యి కాగితాన్ని తాకేది కాదు. రామ్ చంద్ర ఒక్కొక్కదానికీ అంకె చెప్పి జాబితాలో గీత పెట్టేవాడు. మధ్యాహ్నానికి వరండా అంతా కాగితాలు పరుచుకున్నాయి. గాలి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారి కదిలేవి. పైడమ్మ లేచి, గుడ్డల అంచుల మీద నది గులకరాళ్ళు పెట్టి, మళ్ళీ కూర్చునేది.

సాయంత్రానికి మోకాళ్ళు పట్టేశాయి. లైన్లకి వెళ్ళేసరికి గదిలో బురద అలాగే ఉంది. దాని మీదే గోనె పరుచుకుని పడుకుంది.

రెండో రోజు ఆల్బమ్ బయటికి వచ్చింది. తోలు అట్ట, లోపల మందపాటి నల్ల కాగితాలు, ఒక్కో దాని మీద అంటించిన చేతిరాతలు. నీళ్ళకి ఉబ్బి గుమ్మడికాయలా ఉంది. రామ్ చంద్ర ఒక ఆకుని పట్టి లాగబోయాడు.

"ఆగు బాబూ!" అంది పైడమ్మ. "గంజితో అంటించినారు. గంజి తడికి వొదుల్తాది గానీ లాగితే వొదల్దు."

గోరువెచ్చని నీళ్ళు తెప్పించింది. గుడ్డ ముంచి ఒక్కో ఆకు మీద కప్పి, లోపల్లోపల నూరు లెక్కపెట్టుకుని తీసేది. చేతిరాత కాగితం తనంతట తనే జారి వచ్చేది. మొదటి ఏడూ ఏవో గుండ్రటి రాతలు. ఆ తర్వాత వచ్చినవి తెలుగు అక్షరాలని ఆమెకి తెలిసింది. చదువు రాదు గానీ ఊళ్ళో దుకాణం బల్ల మీద, మునసబు గారి కాగితాల్లో చూసినవే. సిరా నీలంగా పాకినా వరుసలు తిన్నగా ఉన్నాయి.

తెలుగు వాటిలో ఏడో కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

కింది మూలన ఒక అడ్డగీత. దాని మీద రెండు చుక్కలు, పక్కన కొక్కెం. చుట్టూ సిరా చెదిరింది గానీ ఆ గుర్తు మాత్రం నల్లగా, నిన్న వేసినట్టు ఉంది. నల్లజీడి గుర్తు నీళ్ళకి పోదు. ఓడెక్కేటప్పుడు కొంగున కట్టుకున్న గింజల్లో ఒకదాన్ని కాల్చి, పుల్లతో తనే వేసిన గుర్తు అది. వాళ్ళింటి సాకలి గుర్తు. తన అన్న అప్పన్నకీ చదువు రాదు. ఉత్తరం చెల్లెలిదేనని నమ్మాలి కదా అని వేసింది. నాలుగేళ్ళయింది.

"పధ్నాలుగు" అన్నాడు రామ్ చంద్ర. జవాబు రాకపోయేసరికి తలెత్తాడు. "పధ్నాలుగు, పైడీ."

"ఇయ్యేటి బాబూ?"

"మద్రాసు లిపి నమూనాలు. పెద్ద సాహెబ్ జమ చేసినవి."

"నమూనాలంటే?"

"చూసుకోడానికి దాచుకునేవి."

"ఇది నా ఉత్తరం."

"నీకు చదువు రాదు కదా."

"గుర్తు నాదే." ఆమె గొంతు పెంచలేదు. "ఆదివారం నాడు నీ సేతికే ఇచ్చినాను. టపాలో ఏసీసినానన్నావు. నెల నెలా అడిగినాను, జవాబొచ్చిందా అని. నేదన్నావు."

రామ్ చంద్ర సిరాబుడ్డి మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"ఉత్తరాలు ముందు తనకి చూపించమన్నాడు పెద్ద సాహెబ్. చూసి ఇస్తానన్నాడు. నేను గుమాస్తాని, పైడీ."

"ఎన్నాళ్ళు సూసినాడు?"

అతను జాబితా అంచులు సరిచేశాడు. "అన్నీ ఉంచుకోలేదు. రాత బాగున్నవే ఉంచుకున్నాడు. మునిస్వామి దస్తూరీ ముత్యాల్లా ఉందని మురిసిపోయేవాడు. ఇవన్నీ మునిస్వామి చేత్తో రాసినవే. ముప్పై ఒకటి. కోడిగీతల వాళ్ళవి టపాలోనే వెళ్ళాయి."

పైడమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తడి గుడ్డ చేతిలో చల్లబడిపోయింది. దాన్ని వెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, పధ్నాలుగో కాగితాన్ని లేపి పొడి గుడ్డ మీద పెట్టింది. తర్వాత పదిహేను. చీకటి పడేలోగా ముప్పై ఒకటీ నీడన పరుచుకున్నాయి. వాటన్నిటి కింద ఏవో గుర్తులు, వేలిముద్రలు. రాయించుకున్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు ఎక్కడున్నారో ఆమెకి తెలియదు. కొందరు ఎక్కడున్నారో తెలుసు. చెరకు మిల్లు వెనక మట్టిదిబ్బల కింద.

లైన్లకి వెళ్ళకుండా నేరుగా ఎద్దుల కొట్టానికి వెళ్ళింది. మునిస్వామి కుడితి తొట్టి కడుగుతున్నాడు. యాభై దాటిన మనిషి. చిత్తూరు వైపు వీధిబడిలో పాఠాలు చెప్పేవాడు. నడుం పాడైన తర్వాత అతన్ని పొలం నుంచి తీసి ఎద్దుల దగ్గర పెట్టారు. లైన్లలో ఉత్తరం రాయాలంటే అతనే.

"అన్నా, మన ఉత్తరాలు పోనేదు."

విన్నదంతా చెప్పింది. గుర్తు సంగతి, ఆల్బమ్ సంగతి, ముత్యాల సంగతి. మునిస్వామి తొట్టి మీద చెయ్యి పెట్టి నిలబడి విన్నాడు. ఆఖరికి ఒకే ఒక్క మాట అడిగాడు.

"అన్నీ నా సేతివేనా?"

"అన్నీ నీవేనంట."

అతను తొట్టిలో మిగిలిన నీళ్ళు వంచేశాడు. నీళ్ళు కాళ్ళ మీదుగా పోతున్నా జరగలేదు.

"నాలుగేళ్ళు మా అన్న మీద పళ్ళు కొరుక్కున్నాను" అంది పైడమ్మ. "కూలీల మేస్త్రీ ఎంట సముద్రం దాటిపోయిన ఆడదానికి జవాబేటని ఊరుకున్నాడనుకున్నాను. ఆడికి అందనే నేదు. రేపు దొరసానిని అడుగుతాను."

"అడగొద్దు పైడమ్మా."

"ఏం?"

అతను ఒక ఎద్దు మెడ కింద చెయ్యి పెట్టి నిమురుతూ ఉండిపోయాడు. ఆమె వెళ్ళిపోయింది.

మూడో రోజు దొరసాని తనే వరండాలోకి వచ్చి, ఆరిన కాగితాలు చూసి సంతోషించింది. పైడమ్మ లేచి నిలబడింది. పధ్నాలుగో కాగితాన్ని రెండు గుడ్డల మధ్య పెట్టి చేతుల్లో పట్టుకుంది.

"బాబూ, అమ్మగోరికి సెప్పు. ఇది నాది. నాకిప్పించమని."

రామ్ చంద్ర చెప్పడానికి కొంచెం టైం తీసుకున్నాడు. దొరసాని ముఖం ఎర్రబడింది. ఆమెకి ఈ సంగతి తెలియదని పైడమ్మకి అనిపించింది. అవి కూలీలు పారేసిన కాగితాలనుకున్నానని ఆమె అంది. తర్వాత జాబితా తీసి చూపించింది.

"ముప్పై ఒకటని సాహెబ్ వీలునామాలో రాశాడట" అన్నాడు రామ్ చంద్ర. "గ్రంథాలయం వాళ్ళు ఒప్పుకున్నామని జవాబు కూడా రాశారు. ఒకటి తగ్గితే ఎందుకు తగ్గిందని అడుగుతారు. అక్కడ గాజు బీరువాలో పెడతారట. పురుగు పట్టదు, తడవదు. వందేళ్ళైనా ఉంటుంది. నీ దగ్గరుంటే ఈ వరదకే పోయేది కదా అంటోంది."

"దాసుకోడానికి రాయించింది కాదని సెప్పు. పంపడానికి రాయించింది."

అతను చెప్పాడు. దొరసాని కాసేపు నది వైపు చూసింది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. ఈ మూడు రోజులూ ఆమె కూడా సరిగ్గా నిద్రపోయినట్టు లేదు. తర్వాత మెల్లగా ఏదో అంది.

"ఇవ్వడం తన చేతిలో లేదట. కానీ నకలు రాయించుకోమంటోంది. ఇంకో సంగతి కూడా. ఒక్కో ఉత్తరంలో ఏముందో ఇంగ్లీషులో చీటీ రాసి దానికి జతచేయాలని గ్రంథాలయం వాళ్ళు అడిగారట. చదివే మనిషి కావాలి."

"మునిసామి ఉన్నాడు కదా."

"రేపు పొద్దున్నే తీసుకురమ్మంటోంది."

పైడమ్మ కాగితాన్ని మళ్ళీ చాప మీద పెట్టింది. ఆ మధ్యాహ్నం ఆమె ఇస్త్రీపెట్టెలో బొగ్గులు సగమే వేసి, చెంప దగ్గర పెట్టుకుని వేడి చూసి, గుడ్డ మీద నుంచి ఒక్కో ఉత్తరాన్నీ సాపు చేసింది. అలసట కొంచెం తగ్గినట్టనిపించింది. రేపు మునిస్వామి చదువుతాడు. బాబు ఇంగ్లీషులో చెబుతాడు. తను అప్పుడు చెప్పిన మాటలు దొరసాని చెవిన పడతాయి. ఆమెకీ పిల్లలున్నారు. విన్నాక కూడా ఇవ్వననగలదా?

పొద్దు వాలే వేళ కొట్టానికి వెళ్ళి అదే చెప్పింది.

"వింటాది. విని ఇచ్చీస్తాది, సూడు."

"ఏం వింటాది పైడమ్మా?" అన్నాడు మునిస్వామి. గడ్డి మోపు మీద కూర్చుని ఉన్నాడు. "అందులో ఏముందని?"

"నాను సెప్పింది."

"నువ్వు సెప్పింది నేను రాయలా."

ఆమెకి అర్థం కాలేదు. అతను నేలకేసి చూస్తూ, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"'మహారాజశ్రీ అన్నయ్యగారి పాదములకు నమస్కారములు. ఇచ్చట మేము క్షేమము. అన్నవస్త్రములకు లోటు లేదు. మీరు మా గురించి బెంగ పెట్టుకోవలదు.' అంతే. నాలుగు వరుసలు. నీకే కాదు. అందరికీ అదే. పేర్లు మార్చినా."

పైడమ్మ నిలబడే ఉంది.

"వచ్చిన కొత్తలో ఒకడికి ఉండేది ఉన్నట్టే రాసినా. పెద్ద దొర దాన్ని యెవరో మద్రాసు పాదరీతో సదివించినాడు. నన్ను రెండు నెల్లు కాలవ తవ్వే గుంపులో ఏసినారు. ఈ నడుం అప్పుడు పోయిందే. ఆ తర్వాత నా సెయ్యి ఇంకోటి రాయలా. మీరు నా ముందర కూసోని యేడస్తా సెప్తారు. నేను తల ఊపతా, కలం కదిలిస్తా. రాసేది మాత్రం క్షేమం." అతను ఆగాడు. "పైగా దస్తూరీ బాగుండాలని శానా జాగ్రత్తగా రాసేవాణ్ణి. అందులో అయినా లోటు సేయకూడదని."

ఎద్దు ఒకటి ముక్కు ఎగబీల్చింది. పైడమ్మకి మొదట కోపం రాలేదు. ఏదో లెక్క తప్పినట్టు, ఆ ఉత్తరం టపాలో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటూ పోయింది. అప్పన్న దాన్ని మునసబు గారి చేత చదివించుకునేవాడు. లోటు లేదంట, చెల్లెలు సుఖంగా ఉందంట అని ఊరంతా చెప్పేవాడు. కూలీల్ని పోగుచేసే మేస్త్రీ మళ్ళీ ఊళ్ళోకి వచ్చేవాడు.

"అది అందుంటే" అంది, "సింహాద్రిని ఓడెక్కించీసేవోడు కదేటి."

సింహాద్రి ఆమె కూతురు. అన్న ఇంట్లో వదిలి వచ్చేటప్పటికి పదేళ్ళది. ఇప్పటికి పధ్నాలుగు దాటి ఉంటుంది.

మునిస్వామి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"రేపు అదే సదువుతావా? ఆ క్షేమమే?"

"ఉండేది అదే కదమ్మా."

"సదువు" అంది పైడమ్మ. "ముప్పై ఒక్కసార్లు సదువు. గాజు బీరువాలో ఎడతారంట. వొందేళ్ళు ఉంటాదంట." వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. తిట్టడానికి మాట కోసం వెతికింది. దొరకలేదు. అతని వంగిన నడుం కనిపించింది. వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున మునిస్వామి ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. వరండా మెట్టు మీద కూర్చోమన్నారు. రామ్ చంద్ర బల్ల దగ్గర చీటీల కట్ట, సిరాబుడ్డితో సిద్ధంగా ఉన్నాడు. దొరసాని కాస్త ఎడంగా కుర్చీలో కూర్చుని పెట్టెల జాబితా సరిచూసుకుంటోంది. కాగితాల్ని ఎత్తి చూపించాల్సింది పైడమ్మే. ఇంకెవరు ముట్టుకున్నా చిరుగుతాయని దొరసాని అంది.

పైడమ్మ అతని ముఖం చూడకుండా ఎనిమిదో కాగితాన్ని గుడ్డతో సహా ఎత్తి పట్టుకుంది.

మునిస్వామి దాని మీదికి వంగాడు. నీటికి పాకినా అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. చివర వేలిముద్ర ఉంది.

"ఎవరిది?" అన్నాడు రామ్ చంద్ర.

"గంగులుది. వాళ్ళ నాయనకి." కాగితం మీద నుంచి తల ఎత్తాడు. "సెప్తా. రాసుకోండి బాబూ." లైన్ల హిందీలో, మధ్యమధ్య తెలుగులో మొదలుపెట్టాడు. "నాయనా, నా ఎడమ చెయ్యి మిల్లులో పోయింది. మణికట్టు దాకా పోయింది. ఈ సంగతి అమ్మకి చెప్పొద్దు. తమ్ముడు కూడా వస్తానని మేస్త్రీ వెంట తిరుగుతున్నాడని విన్నా. కాళ్ళు విరగ్గొట్టి అయినా ఇంట్లో కూచోబెట్టు. మన ఎర్రావు ఈనిందా? కోడెదూడా, పెయ్యా?"

పైడమ్మ చేతిలోని కాగితం వైపు చూసింది. కాగితం మీద నాలుగే వరుసలున్నాయి. ఆమె కూడా లెక్కపెట్టగలదు.

రామ్ చంద్ర ఇంగ్లీషులో రాస్తూ రాస్తూ ఆగాడు. మెడ సాచి ఉత్తరం వైపు చూశాడు. మునిస్వామి వైపు చూశాడు.

"ఇంత చిన్న కాగితంలో ఇదంతా ఉందా?"

"తెలుగు బాబూ" అన్నాడు మునిస్వామి. "దగ్గర దగ్గరగా రాస్తే శానా పడుతుంది."

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. రామ్ చంద్ర నెత్తి మీది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కలం ముంచాడు.

"ఆవు ఏ రంగన్నావు?"

"ఎర్రావు."

రాశాడు.

తర్వాతిది బంగారమ్మది. అత్తకి రాయించింది. "నీ కొడుకు జబ్బు చేసి పోయాడని ఇక్కడి నుంచి కాగితం వస్తుంది. నమ్మొద్దు అత్తా. లైను వెనక ఉరేసుకున్నాడు. మూడు రోజుల నుంచీ రోజుకింతని కొలిచి ఇచ్చిన పని ముగించలేకపోయాడు. నేనే తాడు కోసి దించాను." రామ్ చంద్ర దొరసానికి వినబడేలాగే ఇంగ్లీషులో చెబుతూ రాశాడు. జాబితా తిప్పుతున్న ఆమె చెయ్యి ఆగింది. ఒక్కో దానికి ఒక్క వరుస చాలని ఆమె అంది. రామ్ చంద్ర లేచి నిలబడి, తల వంచి, ఏదో మర్యాదగా జవాబిచ్చాడు. తర్వాత పైడమ్మకి వినబడేలా హిందీలో గొణిగాడు. "గ్రంథాలయం వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు కావాలని చెప్పాను."

పది, పదకొండు, పన్నెండు. ఒకదాంట్లో పెద్ద సంగతేం లేదు. అప్పడాల పిండి ఎలా కలుపుతారో రాసి పంపమని ఒకడు భార్యని అడిగాడు. మునిస్వామి దానికేమీ కలపలేదు, తగ్గించలేదు. కళ్ళు మూసుకుని, ఎవరు ఎప్పుడు తన ముందు కూర్చుని ఏం చెప్పారో అదే చెబుతున్నాడు. మధ్యలో ఆగి, "కాదు, అది కొండయ్య సెప్పిన మాట" అని దిద్దుకున్నాడు. చెమట అతని మెడ మీదుగా కారుతోంది.

పధ్నాలుగో కాగితాన్ని పైడమ్మ ఎత్తింది.

అతను ఈసారి కాగితం వైపు చూడలేదు. ఆమె వైపూ చూడలేదు. తన యాస వదిలేసి, ఒక్కో మాటా ఆమె యాసలో అని, వెంటనే బాబుకి హిందీలో చెబుతూ పోయాడు.

"అన్నా అప్పన్నా, నీ సెల్లెలు పైడిని. ఓడ పది దినాలన్నారు. నెల దాటింది. ఇక్కడ నాకు గుంటడు పుట్టినాడు. ఆడి తండ్రి ఎవుడని అడక్కు. పదకొండు దినాలు బతికినాడు. గట్టు మీద గోనెలో ఎట్టి పని సేయమన్నారు. వానొచ్చింది. కులంబర్ ఎల్లనియ్యనేదు. పేరెట్టనేదు ఆడికి. నానిక్కడ సచ్చిపోనానని అనుకున్నా ఫరవానేదు గానీ, సింహాద్రిని మాత్రం ఏ మేస్త్రీ ఎంటా పంపకు. ఆడు జరీ కోకలు సూపిత్తాడు. నాకూ సూపినాడు. దాన్ని రేవు దాటనియ్యకు అన్నా. నా మీద ఒట్టు."

ఒక్క మాట పోలేదు. వానొచ్చింది అన్నచోట తను ఆగి ముక్కు తుడుచుకుంది, నాలుగేళ్ళ క్రితం. మునిస్వామి కూడా అక్కడ ఆగాడు.

రామ్ చంద్ర ఇంగ్లీషులో చెప్పాడు. దొరసాని ఏదో అడిగింది. రామ్ చంద్ర చేత్తో పైడమ్మని చూపించాడు. దొరసాని ఆమె వైపు తిరిగి చూసింది. బట్టలిచ్చేటప్పుడు చూసే చూపు కాదు అది. లేచి నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని రామ్ చంద్రతో రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

"ఏటన్నాది?"

"రాయమంది. ఏదీ వదలకుండా రాయమంది." రామ్ చంద్ర సిరా ఆరడానికి చీటీ మీద ఇసక చల్లి దులిపాడు. అతని చేతులూ అలిసిపోయి ఉన్నాయి. "ఉత్తరం మాత్రం ఇవ్వదట, పైడీ. ఇప్పుడు అసలే ఇవ్వకూడదు, చీటీతో పాటే ఉండాలి అంది."

పైడమ్మ తల ఊపింది. ఆ నాలుగు వరుసల కాగితం తనకి ఇప్పుడెందుకు?

"నువ్వు రాసింది సదువు బాబూ."

"ఇంగ్లీషు కదా."

"సదువు."

అతను చదివాడు. మెల్లగా, వీధిబడి పిల్లాడిలా ప్రతి మాట పలుకుతూ చదివాడు. ఆమెకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఒకచోట అప్పన్న పేరు, ఒకచోట సింహాద్రి పేరు వినిపించాయి. గుడ్డ చేత్తో పట్టుకునే నిలబడి చివరి దాకా విన్నది.

"చివర ఇంకో మాట రాశాను" అన్నాడు రామ్ చంద్ర. "ఇది ఆఫీసులో ఏ తారీఖున ఇచ్చారో అది. టపాలో వేయలేదని. అన్నిటికీ రాస్తాను. ఆ ఆదివారాలు నాకు గుర్తే." టోపీ అటూ ఇటూ జరిపాడు. "రేపు పెట్టెలతో సువాకి వెళ్ళేది నేనే. నీ అన్నకి ఇంకో ఉత్తరం రాయించుకో. నా జేబులో పెట్టుకుని టపా కచేరీలో నా చేత్తో వేస్తాను. గంగులు, ఇంకా ఇక్కడున్న వాళ్ళవి కూడా ఉంటే తెండి."

పైడమ్మ మునిస్వామి వైపు చూసింది. అతను మెట్టు మీద ముందుకు వంగి, చేతుల్లో ముఖం పెట్టుకుని ఉన్నాడు. పంచె వెనక చెమటకి అంటుకుపోయింది.

"రాస్తావా?"

"రాస్తా." తలెత్తలేదు. "నువ్వు యెట్ల సెప్తే అట్ల."

"నడుం నొప్పా?"

"నొప్పే."

ఆమె లోపలి నుంచి మడిచిన గోనె ఒకటి తెచ్చి అతని వీపుకీ వరండా స్తంభానికీ మధ్య పెట్టింది. అతను ఆనుకున్నాడు. ఆమె వెళ్ళి పదిహేనో కాగితాన్ని గుడ్డతో సహా ఎత్తింది.

"ఇది ఎవరిది?"

మునిస్వామి అక్షరాల వైపు కాకుండా కింది వేలిముద్ర వైపు చూశాడు.

"కొండయ్యది" అన్నాడు. "వాడు శానా సెప్పినాడు. పొద్దు గూకే దాకా సెప్పినాడు."

రామ్ చంద్ర కొత్త చీటీ తీసుకుని కలం ముంచాడు.